అంచు తెగని పేజీలు

“ఎవరూ తెరవని సంచిక అని చెప్పి, పిచ్చిరాతలు రాసినదాన్ని నాకు అంటగడతారా?” అంటూ పళ్ల డాక్టరు ఆ పత్రికను దుకాణదారు ముందు బల్ల మీద పడేశాడు.

ఎప్పుడో మూతపడిన పాత కార్ల క్లబ్బు తన సభ్యుల కోసం వేసుకున్న పత్రిక అది. వచ్చినవి మొత్తం నలభై సంచికలు. ముప్పై తొమ్మిది డాక్టరు బీరువాలో ఉన్నాయి. ఈ ఒక్కదానికోసం ఆయన ఎక్కని గడప లేదు, బతిమాలని మనిషి లేడు. తీరా చేతికొచ్చాక చూస్తే పేజీల పక్కన వణుకుతున్న పెన్సిలు రాతలు. ‘ఈ కొలత తప్పు’, ‘ఇలా చేస్తే గేరు విరుగుతుంది’ అంటూ ప్రతి వ్యాసానికీ వంకలు. పొద్దున్నే అవి చూసి ఆయనకు ఒళ్లు మండిపోయింది. కొండ అవతల జరిగే పాత కార్ల ప్రదర్శనకు తన కారు తీసుకుని భార్యనూ కూతురినీ ముందు వెళ్లమన్నాడు. “ఒకాయన్ని దులిపేసి వెనకే వచ్చేస్తా” అని ఇటొచ్చాడు.

పాత పుస్తకాల దుకాణదారు తొణకలేదు. కళ్లజోడు పెట్టుకుని పత్రిక తిరగేశాడు.

“డాక్టరుగారూ, ఈ పేజీలు కోసిందెవరు?”

“నేనే. ఇవాళ పొద్దున.”

“మరి మీరు కోసేదాకా మూసే ఉన్నాయి కదా?”

డాక్టరు వంగి పత్రిక అంచులు చూశాడు. అచ్చేసిన పెద్ద కాగితాన్ని మడిచి కుట్టి, అంచులు కత్తిరించకుండానే వదిలేసిన ప్రతి అది. మడతను కత్తితో చీలిస్తే గానీ లోపలి పేజీలు తెరుచుకోవు. అంత మూసిన మడతలోకి పెన్సిలు ఎలా దూరింది?

“ఇంకో మూడు మడతలున్నాయి,” దుకాణదారు కాగితాలు కోసే కత్తి అందించాడు. “నా కళ్లముందే కోయండి, చూద్దాం.”

డాక్టరు మొదటి మడత చీల్చాడు. చక్రాలు బిగించడం గురించిన వ్యాసం. పక్కన అవే వణుకుతున్న అక్షరాలు.

‘ముందువైపు ఎడమ చక్రం. నట్లు సరిగా బిగియలేదు.’

“ఎవరి కారో పాపం,” అన్నాడు దుకాణదారు.

డాక్టరు ఆ వరుస మళ్లీ చదివాడు. నిన్న సాయంత్రం తన కారుకి ఆ చక్రమే తను విప్పి మళ్లీ ఎక్కించాడు. మధ్యలో క్లినిక్ నుంచి ఫోనొస్తే లేచి వెళ్లాడు. వచ్చాక బిగించాననే అనుకుంటున్నాడు. రెండో మడత కోస్తుంటే కత్తి పక్కకు జారింది.

‘నీ కారే. వాళ్లు కొండ మీదకొచ్చేశారు. దిగుడు మొదలవకముందే ఆపించు.’

దుకాణదారు పత్రిక మీంచి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“ఫోన్ చెయ్యండి,” అన్నాడు మెల్లగా.

మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి కూతురు ఎత్తింది.

“నాన్నా, అమ్మ బండి నడుపుతోంది.”

“ఎక్కడున్నారమ్మా?”

“కొండ మీద. ఇక్కణ్ణించి ఊరంతా కనిపిస్తోంది.”

“అమ్మని పక్కకి ఆపమను. మెల్లగా. ఇప్పుడే.”

“ఎందుకు?”

“ముందు చెప్పు, బంగారం.”

అటువైపు ఇంజను చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. తర్వాత భార్య గొంతు వినిపించింది.

“ఆపాను. ఏమైంది? మీ గొంతు అలా ఉందేంటి?”

“ఇద్దరూ దిగి దూరంగా నిలబడండి. నేనొస్తున్నా.”

దుకాణదారు షట్టరు దించేసి, పత్రికతో సహా డాక్టరును తన స్కూటరు మీద ఎక్కించుకున్నాడు.

సరిగ్గా దిగుడు మొదలయ్యే చోట ఆగి ఉంది కారు. డాక్టరు ముందువైపు ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాడు. ఐదు నట్లలో మూడు లేనేలేవు. మిగిలిన రెండూ వేళ్లతో తిప్పితే ఊడి చేతిలోకొచ్చాయి. ఎదురుగా రోడ్డు నిటారుగా దిగి మలుపు తిరుగుతోంది. మలుపు అవతల లోయ.

భార్య చక్రాన్ని చూసింది, రోడ్డును చూసింది, కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

“మీకెలా తెలిసింది?” అంది.

డాక్టరు పత్రిక అందించాడు. ఆమె ఆ పేజీలు చదివి తలెత్తింది.

“ఇది మీ రాతే కదా.”

“నాదా?”

“పన్నెండేళ్లుగా చూస్తున్నా, మీ అక్షరం నాకు తెలీదా? కాకపోతే చెయ్యి వణికింది. బాగా ముసలాళ్లకి వణికినట్టు.”

డాక్టరు వంగి చూశాడు. ఎవరివోనని తిట్టుకున్న అక్షరాల్ని ఇప్పుడు పోల్చుకోగలుగుతున్నాడు. దుకాణదారు జేబులోంచి కత్తి తీసిచ్చాడు. డాక్టరు ఆఖరి మడత కోశాడు.

లోపల అచ్చు లేదు. తెల్లకాగితం మధ్యలో రెండే వాక్యాలున్నాయి.

‘నీకు చెప్పడానికి నేనున్నాను. నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.’