మూడు మూరలు

"ఏం తాగించారో చెప్పండి. నాకు పేరు కావాలి!" డాక్టరమ్మ అరిచింది.

వరండాలో ఉన్నవాళ్ళంతా తెర వైపే చూస్తున్నారు.

తెర వెనక యమున మళ్ళీ వాంతి చేసుకుంది. పొద్దుటి నుంచి ఇది ఎన్నోసారో జగన్నాధం లెక్కపెట్టడం మానేశాడు. కూతురు పురుడు పోసుకుని పద్దెనిమిది రోజులు. పాలు పడడం లేదని నిన్న వేరు నూరి తాగించారు. మధ్యాహ్నానికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఈ ఉదయం నరసన్నపేట ఆసుపత్రికి తెచ్చేసరికి మూత్రం కూడా ఆగిపోయింది.

జగన్నాధం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒళ్ళంతా మొద్దుబారింది. పోయిన అమావాస్య నుంచి పీకుతున్న కుడి భుజం కూడా ఇవాళ తనది కానట్టుంది.

అతని భార్య ధనలక్ష్మి పసిదాన్ని ఒళ్ళో వేసుకుని నేల మీదే కూర్చుంది.

"మాకు పేరు తెలీదమ్మా. మందులిచ్చే లక్ష్మణమ్మ పిన్ని పేరు సెప్పదు. సెబితే మందు పన్జెయ్యదు."

"పేరు తెలీని వేరు బాలింతకి ఎలా పట్టారమ్మా?"

"మా ఊరంతా అలాగే పడతారు."

నిజమే. లక్ష్మణమ్మ మందుల మడి జగన్నాధం పొలానికి తూర్పున ఆనుకునే ఉంటుంది, మధ్యలో హద్దుకి గట్టు రాయి. ఆవిడ వేరు తవ్వదు, పేరు చెప్పదు. చోటు మాత్రం చెబుతుంది. ఆదివారం తెల్లారగట్ల రోగి పుట్టింటి ఆడమనిషి వెళ్ళి, నోరు మెదపకుండా తవ్వి తెచ్చి నూరుకోవాలి. నలభై ఏళ్ళుగా ఊళ్ళో బాలింతలందరికీ పాలు అలాగే పడ్డాయి.

బయట మోటార్ సైకిల్ ఆగింది. అల్లుడు వెంకటేష్ లక్ష్మణమ్మను రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. వెనకే కానిస్టేబుల్ గోవింద్ కాగితాల అట్టతో వచ్చాడు.

"నీ మందుకి పాలు కాదే ముసలీ, పాడె కట్టీలాగున్నాది. ఏటి పెట్టినావో సెప్పు!" అన్నాడు వెంకటేష్.

"సెయ్యి ఒగ్గీ నాయనా. మోకాళ్ళు పనికిరాక రెండు నెల్లయి మడి మొకమే సూణ్ణేదు, నన్నిలా ఈడిస్తే ఎలాగ?" అని లక్ష్మణమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. జన్మలో మొదటిసారి మందు పేరు పైకి పలికింది. "పిల్లితేగ."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "పిల్లితేగంటే శతావరే కదా, దానికి ఇలా అవదు. ఆ పొడి బాలింతలకి మేమూ రాస్తాం."

ధనలక్ష్మి కొంగు ముడి విప్పింది. "ముక్క మిగిల్తే రేపటికని దాసినాను."

లక్ష్మణమ్మ ఆ ముక్కను వేళ్ళ మధ్య తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"పిల్లితేగ దుంపలు గుత్తిగా ఊరతాయి. ఇది నాగలి కర్రలాగ వొంకరగా ఉన్నాది. ఇది నాభి దుంప! నొప్పులకి పైపూత మందమ్మా. కడుపులోకి పోకూడదు."

డాక్టరమ్మ లోపలికి పరిగెత్తింది. అంబులెన్సు కోసం ఎవరో ఫోనులో అరుస్తున్నారు.

"ఎక్కడ తవ్వినావే ధనం?"

"నువ్వు సెప్పిన కాడే పిన్నీ. గట్టు రాయి నుంచి తూర్పుకి మూడు మూరలు."

"ఆకు సూణ్ణేదా?"

"ఈ ఎండలకి ఆకెక్కడున్నాది? తీగలన్నీ మాడిపోయినాయి."

జగన్నాధానికి పైన తిరుగుతున్న ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడడం లేదు.

"మూడు మూరలకి పిల్లితేగ. అయిదు మూరలకి నాభి. నా సేత్తో పాతినాను," అంది లక్ష్మణమ్మ. "ఏడాదికేడాదీ ఉన్నకాడే లేస్తాయి. దుంపలు నడిసి ఎల్తాయేటి? నువ్వే ఎక్కువ కొలిసినావు."

ధనలక్ష్మి పసిదాన్ని అల్లుడి చేతుల్లో పెట్టింది. మోకాళ్ళ మీద వంగి, మోచెయ్యి నేలకు ఆనించి, ఆ ఫినాయిలు వాసన గచ్చు మీద కొలవడం మొదలుపెట్టింది.

"ఒకటి... రెండు... మూడు. ఇలాగే కొలిసినాను. నాకు మూడు లెక్కెట్టడం రాదేటి?"

ఆమె వేళ్ళు జగన్నాధం పాదాల దగ్గర ఆగాయి. అతను కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"అత్తా!" వెంకటేష్ పసిదాన్ని గుండెకి అదుముకున్నాడు. "కన్నకూతురికి నీ సేత్తో ఇషం నూరి పోసినావు కదే!"

ధనలక్ష్మి ఏడవలేదు. కొలిచిన చెయ్యిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఎవరిదో అన్నట్టు.

స్ట్రెచర్ బయటికి వచ్చింది. యమున ముఖం తడి బట్టలా ఉంది. "విశాఖ తీసుకెళ్ళండి. కిడ్నీలు ఆగిపోతున్నాయి. నేనేమీ మాట ఇవ్వలేను," అంది డాక్టరమ్మ.

గోవింద్ గొంతు సవరించుకున్నాడు. "విషం కేసు. నేను ఎవరో ఒకరి పేరు రాయాలి. ముసలావిడదా, ఈ తల్లిదా?"

"ముసల్దేటి సేసింది పాపం?" ధనలక్ష్మి గొంతులో తడి లేదు. "నాదే రాయండి బాబూ. సీకట్లో అయిదు కొలిసీసినాను కావాల."

గోవింద్ పెన్ను మూత తీశాడు. అట్ట మీద ఆమె పేరులో మొదటి అక్షరం పడింది.

జగన్నాధం గోడ వదిలి రెండడుగులు ముందుకు వేశాడు. ఆ పెన్ను మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాని మూర సరైందే బాబూ, పోయిన అమాస నాడు ఆ గట్టు రాయిని పెకలించి రెండు మూరలు పిన్ని మడిలోకి జరిపినోణ్ణి నానే."