తట్టితే వదలాలి

“వాడు తట్టేడండీ! వదిలెయ్యండి!”

రేకుల షెడ్డు మీద వాన దంచుతోంది. అప్పలరాజు కేక అందులో కలిసిపోయింది. కొబ్బరి పీచు కూరి కుట్టిన పరుపు మీద ఒలింపిక్ పెద్దిరాజు గారు, శిష్యుడు నాగసతీష్ మెడకి వెనక నుంచి ఎడమచెయ్యి బిగించి ఉన్నారు. ఊపిరాడక సతీష్ ఆ చేతినే టపటపా తడుతున్నాడు. ఓడిపోయాను, వదలమని దానర్థం. ఇనపవల బోనులోకి దిగి ఇద్దరు కొట్టుకునే ఈ ఆటలో ఉన్న దయంతా అదొక్కటే. పెద్దిరాజు గారు వదల్లేదు.

అప్పలరాజు పరుపు మీదికి ఉరికి ఆయన్ని భుజాలు పట్టి లాగాడు. అప్పుడు వదిలారు. సతీష్ పక్కకి దొర్లి, దగ్గి దగ్గి, కాసేపటికి లేచి కూర్చున్నాడు. మాట్లాడబోతే గొంతు పెగల్లేదు.

“నా కొడుకుని చంపేద్దురు కదండీ!”

పెద్దిరాజు గారి ముఖంలో కోపం లేదు, జాలీ లేదు.

“వచ్చే నెల బొంబాయిలో వాడి మొదటి పోటీ. రొయ్యల చెరువు పని మానిపించి మరీ మీకప్పజెప్పేను. తట్టింది తెలీలేదాండీ?”

“తెలిసింది.”

“మరి?”

“వదలాలనిపించలేదు.”

ఆ కేకలకి ఇంట్లోంచి వచ్చిన కాంతం తన మొగుడు పెద్దిరాజు గారికేసి చూసింది. జపాన్‌లో చివరి పోటీలో మెడ దెబ్బతిన్నాక ఆయనకి మిగిలింది ఈ కోచింగే. షెడ్డులో మిగిలిన శిష్యుడు వీడొక్కడే.

“అదేం మాటండీ! పొరపాటైందని చెప్పండి.”

“ఆయ్, ఆ ఒక్క ముక్క అనమనండమ్మా. ఊరుకుంటాను.”

పెద్దిరాజు గారు కిటికీ దగ్గర బల్ల మీద కూర్చుని కాలవకేసి తిరిగారు.

“ఒలింపిక్స్‌కి వెళ్ళి కుస్తీ పట్టొచ్చిన మనిషికైనా ఇంత పొగరు పనికిరాదండీ. రేపే కాకినాడ కోచ్ దగ్గర చేర్పిస్తాను. సంచీ తెచ్చుకోరా!” అంటూ అప్పలరాజు స్కూటర్ తియ్యడానికి వెళ్ళాడు.

సతీష్ సంచీ తగిలించుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. తన మీద ఆయనకి అంత కసి ఎందుకో అడక్కుండా వెళ్ళలేకపోయాడు. ఏడుపొస్తోంది గానీ గొంతులోంచి మాట రావడం లేదు. వెనక్కి వచ్చి, గురువుగారి వెనక నిలబడి, ఆయన ఎడమచేతి మీద మెల్లిగా తట్టాడు.

ఆయన తిరగలేదు. ఇంకా కోపమే కాబోలనుకున్నాడు సతీష్. ఇందాక పరుపు మీద తట్టినట్టే గట్టిగా తట్టాడు. ఆ చేతి మీద తన వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలాయి. చెయ్యి అక్కడే ఉంచేశాడు.

గుమ్మంలో కాంతం అదంతా చూస్తూ నిలబడిపోయింది.

పెద్దిరాజు గారు కాలవలో పడుతున్న వానని చూస్తూనే అడిగారు.

“కాంతం, వాడు వెళ్ళిపోయేడా?”