అంజీరు దండలో ఆకు

కాకినాడ రేవు షెడ్డులో పేరంటాలు అంజీరు దండను మట్టిముక్కు యంత్రం కింద పెట్టింది. ఆక్రమించుకున్న నేల సరుకును ఎవరూ కొనకూడదని దేశాలన్నీ ఒప్పుకున్నాక, ఆ యంత్రం లేని రేవు లేదు, కూరల కొట్టూ లేదు. పండుకంటిన మట్టిని వాసన చూసి ఊరు చెప్పేస్తుంది. దండకి పచ్చదీపం వెలిగింది.

"ముద్దరేసెయ్యండి పేరంటాలుగారూ," అన్నాడు ఆఫీసరు జోగారావు.

ఆమె చెయ్యి కదల్లేదు. దండలో ఏడేసి పండ్లకొక బిర్యానీ ఆకుంది. పాతికేళ్ల కిందట పనికోసం దేశం దాటి వెళ్లిన మర్సీనా లోయలో, సల్మాబేగం తోటలో, ఆవిడ పక్కనే అరుగు మీద కూర్చుని పేరంటాలు గుచ్చిన దండలూ ఇలాగే ఉండేవి. "ఆరుకే ఆకు పెట్టావంటే మా అత్త గోరీలోంచి లేచొస్తుంది," అని నవ్వేది సల్మా. తరవాత ఆ లోయను పరాయి సైన్యం పట్టుకుంది. ఊరొదిలి పారిపోయిన సల్మా కాందిశీకుల శిబిరంలోనే పోయింది. పోయేముందు ఫోన్లో ఒకటే అడిగింది: "మమ్మల్ని తరిమినవాళ్లని మా పండు అమ్ముకోనివ్వకు."

"కడిగేసి వేరే మట్టి పూశారండి. ఇది మర్సీనా దండ."

"మిషన్‌కి తెలీంది మీకెలా తెలిసిందండీ? తప్పని తేలితే మీ ఉద్యోగం పోద్ది."

"గుచ్చిన చేతులండి ఇవి. పోతే పోనివ్వండి."

దండల పెట్టెమీద సరుకు ఆపేసే ఎర్రముద్ర వేసింది. మూత దించేముందు ఆకు వాసన చూసింది. ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లెవరో ఆ లోయలో ఇంకా మిగిలే ఉన్నారు. సైన్యం కాపలాలో కూడా ఏడు దగ్గరే ఆకు పెడుతున్నారు.