రొయ్యలకు కట్టిన నంబరు

"రొయ్యలకు నా ఫోన్ నంబరు కట్టింది నువ్వేనా పాపా?"

చేతికి జొన్నపిండి ఉండగానే గుమ్మంలోకి వచ్చి నిలదీసింది తిరుపతమ్మ. సముద్ర జీవుల మీద పరిశోధన చేసే షాహనా చేతులు జోడించింది. తప్పు తనదే మరి. లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యలు ఎటు తిరుగుతాయో, ఎంత పెరుగుతాయో తెలుసుకోవడానికి మూడు వందల రొయ్యలకు వరస అంకె, తన ఫోన్ నంబరు ఉన్న బిళ్లలు కట్టి సముద్రంలో వదిలింది. వలలో పడితే జాలర్లు ఫోన్ చేయాలి. వాళ్లతో కలిసి చేసే పరిశోధన అది. ఏడాదిన్నర గడిచినా ఒక్క ఫోనూ రాలేదు. జాలర్లు సహకరించడం లేదని ప్రాజెక్టునే మూసేయబోతున్నారు. మొన్న మిగిలిన బిళ్ల ఒకటి తీసి చూస్తే తన నంబరులో చివరి అంకె తప్పు పడి ఉంది. ఆ నంబరుకు చేస్తే సముద్రానికి ఎంతో దూరాన ఓర్వకల్లులో రొట్టెలమ్ముకునే ఈమె ఎత్తింది. అందుకే వెతుక్కుంటూ వచ్చింది.

"తప్పయిపోయిందమ్మా. శానా ఫోన్లు వచ్చినాయా?"

"రొట్టె పెనం మీద యేస్తానే మోగుతాది. మొదట్లో రాంగ్ నంబరని పెట్టేస్తాంటి. పాపం, అంత దూరం నుంచి చేస్తాండారు, ఊరికే ఎందుకు పోనీయల్లని రాసిపెట్టినా. రా, చూద్దువు."

పొయ్యి వెనక గోడ నిండా బొగ్గు రాతలు. బిళ్ల అంకె, తేదీ, ఊరు, రొయ్య ఎన్ని జానలుందో కూడా. షాహనా వేలు పెట్టి లెక్కించింది. అరవై నాలుగు. సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

కొన్నింటి పక్కన సున్నాలు చుట్టి ఉన్నాయి. అవేమిటని అడిగింది.

"అవి చూలువి. కడుపు కింద గుడ్లుండాయని చెప్పిరి. చూలుదాన్ని చంపుతారా, నీళ్లలో వదిలేయండని చెప్తిని."

"విన్నారా?"

"వినకేం చేస్తారు? ఆఫీసులో మీ పేర్లు రాసుకుంటాండామని చెప్తిని. వదిలేటప్పుడు వీడియో కాల్ కూడా చేస్తారు. నేను సముద్రం చూసింది అట్లే."

రెండేళ్లుగా ఊరూరా మీటింగులు పెట్టి షాహనా వాళ్లు మొత్తుకుంటున్నదీ ఆ మాటే. ఒక్కరు చెవిన పెడితే ఒట్టు.

గోడను ఫోటోలు తీసి తన పై అధికారికి పంపింది. పది నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశాడు. ప్రాజెక్టు ఆగదని, ఇంకో వెయ్యి బిళ్లలు చేయించమని, ఈసారైనా నంబరు సరిచూసుకొమ్మని చెప్పాడు.

"అయితే ఇంక నాకు ఫోన్లు రావన్నమాట," అంది తిరుపతమ్మ రొట్టె తిరగేస్తూ. రోజూ విసుక్కున్న ఫోనే అయినా, ఇక మోగదంటే ఆమెకు దిగులేసింది.

షాహనా బిళ్లలు చేసే ఏసురాజుకు ఫోన్ కలిపింది.

"పోయినసారి పొరపాటైంది మేడమ్. ఈసారి సరైన నంబరు చెప్పండి, రాసుకుంటాను," అన్నాడతను.

ఒక్కో అంకే విడివిడిగా, తిరుపతమ్మ నంబరు చెప్పింది షాహనా.