ఎదురు ల్యాబు స్ఫటికం

స్ఫటికం మధ్యలో నల్లటి చుక్క కనిపించగానే లేజరమ్మకు గుండె జారిపోయింది. ల్యాబులో అందరూ ఆమెకు ముద్దుగా పెట్టిన పేరది.

"కాలిందా మేడమ్?" రక్షణ కళ్ళద్దాలు తీయకుండానే అడిగాడు టెక్నీషియన్.

"కాలింది. నా తొందరే కొంప ముంచింది."

స్వరతంత్రుల మీద మచ్చ గట్టిపడి మాట పోయినవాళ్ళ కోసం ఆ పని మొదలైంది. పైపొరకు దెబ్బ తగలకుండా, దాని కింద లేజరుతో సన్నని సందు చేసి మందు పెట్టాలన్నది ఆసుపత్రిలోని గొంతు డాక్టరమ్మ ఆలోచన. కానీ ఉన్న లేజరు వెలుగు మచ్చలోకి దిగేలోపే చెదిరిపోతోంది. తరంగం ఇంకాస్త పొడవైతే దిగుతుంది. అందుకు దారి రామన్ పరిక్షేపణం. స్ఫటికంలోని అణువులు ఊగుతూ వెలుగులో కొంత శక్తి పుచ్చుకుంటాయి, మిగిలింది పొడవైన తరంగంగా బయటికొస్తుంది. చెప్పుకోవడానికి ఎంత సులువో! లేజరమ్మ దగ్గర మాత్రం అది ఏడాదిగా మొండికేస్తోంది. ఈ నెలలో చేసి చూపించకపోతే ఆసుపత్రివాళ్ళు ఆ పని ఎదురు ల్యాబుకు ఇచ్చేస్తారు.

ఎదురు ల్యాబు పెద్దాయనకు పిసినారి అని పేరు. మరమేకు అడిగినా రేపు రమ్మంటాడు. అచ్చం అలాంటి స్ఫటికం ఆయన దగ్గరొకటి ఉంది. పోటీలో ఉన్న మనిషిని వెళ్ళి అడగడానికి లేజరమ్మకు మొహం చెల్లలేదు.

అలాంటిది మర్నాడు ఆయనే చిన్న పెట్టెతో వచ్చి బల్ల మీద పెట్టాడు.

"వాడుకోండమ్మా."

"మరి మీకో?"

"మా సంగతి నేను చూసుకుంటాను. ఒక్క మాట. అంత పొట్టి పల్సును ఉన్నపళంగా లోపలికి తోయకండి. ముందు సాగదీయండి, స్ఫటికం దాటాక మళ్ళీ కుదించండి."

ఆయన వెళ్ళగానే టెక్నీషియన్ పెదవి విరిచాడు. పిసినారి చెయ్యి విదిల్చాడంటే ఏదో మెలిక ఉండే ఉంటుందని, మనల్ని పక్కదారి పట్టిస్తున్నాడని అతని అనుమానం. లేజరమ్మకూ లోపల అదే పీకుతోంది. అయితే వేరే గతి ఏముంది?

ఆలోచించిన కొద్దీ ఆయన మాట సబబుగానే తోచింది. లేజరు విడతలుగా చిమ్మే వెలుగు తునక, అదే పల్సు, మరీ పొట్టిగా, ఉధృతంగా ఉండబట్టే వెలుగు నానా రంగులుగా చెదిరి స్ఫటికాన్ని కాల్చింది. సాగదీస్తే ఆ ఉధృతి తగ్గుతుంది, అణువులకు ఊగే తీరిక దొరుకుతుంది. ఇంత తేలిక సంగతి తట్టనందుకు లేజరమ్మ తన బుర్రనే తిట్టుకుంది. ఇద్దరూ తిండి కూడా మరిచి అద్దాలు సవరించారు. చివరికి తెర మీద, సరిగ్గా కావలసిన తరంగం పొడవు దగ్గర, కొత్త గీత నిటారుగా లేచింది. ఆమెకు కళ్ళు చెమర్చాయి.

గడువులోగా ఆసుపత్రి పని ఆమెకే దక్కింది.

ఆ తర్వాత పెద్దాయన రోజూ పొద్దున్నే వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు. కుదించాక పల్సు ఎంత పొట్టిగా వస్తోంది, రోజూ ఒకేలా వస్తోందా అని గుచ్చి గుచ్చి అడిగేవాడు. మన పని మీద కన్నేశాడు మేడమ్ అనేవాడు టెక్నీషియన్. లేజరమ్మ మాత్రం విసుక్కోకుండా అన్నీ చెప్పేది. అంత మేలు చేసిన మనిషి దగ్గర దాచడానికి ఆమెకు మనసొప్పలేదు.

పరీక్షలు, అనుమతులు అన్నీ అయి తొలి ఆపరేషన్ రోజు వచ్చింది. లోపల లేజరు చూసుకునే బాధ్యత ఆమెదే. అంతా సవ్యంగా ముగిశాక బయటికొస్తే, వరండా బెంచీ మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. స్ఫటికం ఎలా పనిచేసిందో చూసుకుందామని వచ్చాడు కాబోలు అనుకుని, వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"ఆ రోజు మీరు ఇవ్వకపోతే ఈ పేరు మీకే వచ్చేదండీ. మీ మేలు జన్మలో మరిచిపోలేను."

"మా లేజరుతో అయితే ఇంకా ఏళ్ళు పట్టేదమ్మా," అన్నాడాయన. ఆయన చూపు ఆపరేషన్ గది తలుపు మీదే ఉంది.

ఆలస్యమైతే ఏం, పేరు దక్కేదిగా అని ఆమె అనబోతుండగా తలుపు తెరుచుకుంది. నర్సు తల బయటపెట్టింది.

"అమ్మాయికి మెలకువ వచ్చింది. వాళ్ళ నాన్నగారెవరండీ?"

పెద్దాయన లేచి నిలబడ్డాడు.