ఫ్రీడా అలక

ఉదయశ్రీ కుడిచెయ్యి భుజం ఎత్తుకి లేపింది. లేపగానే ఆమె గుర్రం ఫ్రీడా గుండ్రంగా తిరగాలి. తిరగలేదు. చెవులు మాత్రం ఇంటివైపు పెట్టి నిలబడింది.

ఇంట్లోంచి మొగుడు వాసుదేవరావు వస్తున్నాడు. చెవి దగ్గర ఫోను. తణుకులో ఉన్న చెల్లెలితో మాట్లాడుతున్నాడు. నడవందే ఆయనకి ఫోనులో మాట పెగలదు.

"ఆఁ, చెప్పమ్మా. ఇక్కడ ఎండెక్కడిది? పొద్దున్నే స్వెట్టరేసుకున్నా. బావగారి బీపీ ఎంతుంది?"

ఫ్రీడా ఉదయశ్రీని వదిలేసి కంచె దాకా వెళ్ళింది. ఆయన కంచె అవతల ఇటు నడిస్తే ఇది ఇవతల ఇటు నడిచింది. ఆయన అటు తిరిగితే ఇదీ అటే. ఉదయశ్రీ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

ఒళ్ళు మండదూ మరి? జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో మత్తు డాక్టరుగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాక, గుర్రాల పిచ్చితోనే ఊరి బయట ఈ చిన్న పొలమూ కొట్టమూ కొనిపించింది. తోడుకి ఒక ముసలి పోనీ గుర్రాన్ని పెట్టి, నాలుగేళ్ళుగా ఫ్రీడాకి విద్యలు నేర్పుతోంది. తాడు లేదు, కొరడా లేదు, నోటినుంచి ఒక్క మాట లేదు. చెయ్యెత్తితే తిరగాలి, దించితే ఆగాలి, వేలు చూపిస్తే వెనక్కి నడవాలి. ఆపరేషన్ గదిలో అలవాటైన మౌనం అది. మొన్న చలికాలం దాకా ఫ్రీడా ఒక్క తప్పు చెయ్యలేదు. అక్టోబరులో ఊరి క్లబ్బు పండగలో అందరి ముందూ దానిచేత చేయించి చూపించాలని ఉదయశ్రీ ఆశ.

వాసుదేవరావుకి గుర్రమంటే భయం. బేరింగుల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్నన్నాళ్ళూ కంచె ఛాయలకి రాలేదు. ఏప్రిల్‌లో ఆయనా రిటైరయ్యాడు. అప్పటినుంచీ ఇదీ వరస. ఫ్రీడాకి పిడికెడు గడ్డి వేసిన పాపాన పోలేదు ఆ మనిషి. సొమ్మొకరిది సోకొకరిది అంటే ఇదే.

"ఏం పెడుతున్నారు దానికి?" అడిగింది ఆ సాయంత్రం.

"నేనా? దాని పళ్ళు చూశావా? నా వేళ్ళు నాక్కావాలి."

ఉదయశ్రీ నమ్మలేదు. మొగుడి జేబులు వెతికే ఆడవాళ్ళని చూసి ఒకప్పుడు నవ్వుకునేది. ఇప్పుడు తనే ఆయన కోటు జేబులు రెండూ తిరగేసింది. చేతిరుమాలు, ఒక బస్సు టికెట్టు దొరికాయి. క్యారెట్ ముక్క ఒక్కటీ లేదు. ఉన్నా బాగుండేది. ఏమీ పెట్టకుండానే ఆయన వెంట పడుతోందంటే కడుపు ఇంకా మండింది.

పైగా ఫ్రీడాకి పొగరు ఎక్కువైంది. నీళ్ళ బకెట్ చోటు మార్చి పెడితే కాలితో తన్ని పడేసింది. మెడ మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి పక్కకి గెంతింది. నాలుగేళ్ళుగా దువ్వుతున్న చెయ్యి అది. ఇంత పరాయిదాన్నయిపోయానా దీనికి అనుకుని, కొట్టంలో గడ్డి మోపు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది.

మర్నాడు మొగుడికి చెప్పేసింది.

"ఇకనుంచి ఫోన్లు ఇంట్లోనే మాట్లాడుకోండి. కంచె దగ్గరికి రాకండి."

"కంప్లయింటు గుర్రానిదా, నీదా?"

"నాదే."

వాసుదేవరావు నవ్వాడు. ఆ రోజు నుంచి తలుపులు వేసుకుని వంటింట్లోనే పచార్లు మొదలుపెట్టాడు.

అంతే, ఫ్రీడా అలిగింది. రెండు రోజులు కంచె మూలనుంచి కదల్లేదు. ఉదయశ్రీ ఎదురుగా వెళ్ళి చెయ్యెత్తింది. దించింది. వేలు చూపించింది. ఫ్రీడా చూసీ చూడనట్టు నిలబడింది. దాని చెవులు ఇంకా ఇంటివైపే ఉన్నాయి.

మూడో రోజు ఉదయశ్రీ పక్క ఊళ్ళో రైడింగ్ స్కూలు నడిపే ఆవిడకి ఫోను చేసి, ఫ్రీడాని అమ్మేస్తానంది. ఆవిడ ఎప్పటినుంచో అడుగుతోంది. కొనేముందు గుర్రాల డాక్టరు చూడాలి కాబట్టి శుక్రవారానికి అపాయింట్‌మెంటు తీసుకున్నారు.

"నాలుగేళ్ళు ప్రాణం పెట్టి పెంచావు. నిజంగానే ఇచ్చేస్తావా ఉదయా?" అన్నాడు వాసుదేవరావు.

"దానికి నేనక్కర్లేదు. నాకూ అదక్కర్లేదు."

శుక్రవారం డాక్టరు వచ్చాడు. గుండె విన్నాడు. కాళ్ళు ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. తర్వాత చిన్న టార్చి తీసుకుని తల దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. ఏదో ఒక వంక చెప్పి ఈ బేరం చెడగొడితే బాగుండునని ఉదయశ్రీకి ఒక మనసు. తొందరగా తోలుకుపోతే పీడా పోతుందని ఇంకో మనసు.

అప్పుడే, తెరిచి ఉన్న వంటింటి కిటికీలోంచి వినిపించింది.

"ఆఁ, చెప్పమ్మా."

ఫ్రీడా చెవులు రెండూ అటు తిరిగాయి. డాక్టరు చేతుల్లోంచి తల విదిలించుకుని కిటికీవైపు నాలుగడుగులు వేసింది.

"చూశారా డాక్టర్? నాలుగేళ్ళు నేర్పాను దీనికి. ఇప్పుడు ఎదురుగా నిలబడి చెయ్యెత్తినా నేనెవరో తెలీనట్టే ఉంటుంది. ఆయనొస్తే మాత్రం..." అంది ఉదయశ్రీ.

డాక్టరు టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

"ఫ్రౌ డాక్టర్, ఈ గుర్రానికి రెండు కళ్ళూ పోయి నాలుగైదు నెలలైనా అయివుంటుంది" అన్నాడు.