దోసకాయ పసుపు

“మళ్ళీ ఆ నీలమే వేయిస్తానంటే నేనొప్పుకోను,” అంది భ్రమరాంబ, చేతిసంచి ఇంకా భుజాన ఉండగానే.

కూచిపూడి నుంచి పొద్దున్నే బస్సెక్కి బందరులో దిగి, ఆటో చేసుకుని ఈడేపల్లి వచ్చి, చెప్పులు విడిచి తిన్నగా వంటింట్లోకే వచ్చిందావిడ. అక్కడ సాయిదుర్గ, వడ్రంగి డేవిడ్ రాజు గట్టు మీద రంగుల కార్డు పరుచుకుని నిలబడి ఉన్నారు. వంటింటి కప్‌బోర్డులకి చెదపట్టింది. చెక్కంతా మార్చాలి. రంగు దగ్గరే పని ఆగిపోయింది.

“నీకెవరు చెప్పారమ్మా?” అంది సాయిదుర్గ కంగారుగా.

“పిల్ల ఫోన్లో చెప్పింది. ఆ రంగు కోసం ఈయన్ని ఊళ్ళన్నీ తిప్పుతున్నావట కదా!”

డేవిడ్ రాజు మనసులోనే దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు. పాత తలుపు ముక్క ఒకటి సంచిలో వేసుకుని బందరులో షాపులన్నీ తిరిగాడు. గుడివాడ కూడా వెళ్ళొచ్చాడు. ఆ నీలం మైకా ఇప్పుడు రావడం లేదన్నారు అందరూ. చెబితే సాయిదుర్గ వినదు. “పోనీ దానికి దగ్గర్లో ఉన్నదైనా చూడండి” అంటుంది. ఇవాళ్టితో అతను ఈ ఇంటికి రావడం మూడోసారి.

“ఉన్న రంగు బాగానే ఉంది కదమ్మా,” అంది సాయిదుర్గ.

“నీకు బాగుందా? నా మొహం చూసి చెప్పు.”

సాయిదుర్గ చూడలేదు. గట్టు మీద లేని మరకని కొంగుతో తుడిచింది.

ఆ నీలం ఒకప్పుడు ఈ పెద్దావిడే ముచ్చటపడి వేయించి ఉంటుంది, తల్లి మనసు నొప్పించకూడదని కూతురు వెనకాడుతోంది అనుకున్నాడు డేవిడ్ రాజు. రంగు మార్చమని తల్లే అంటున్నాక ఇంకా ఈ పేచీ ఏమిటో మాత్రం అతనికి అర్థం కాలేదు.

“నేను నొచ్చుకుంటాననేగా నీ భయం?” అంది భ్రమరాంబ.

“అది కాదమ్మా...”

“అదే. ఈ ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళయింది. నీకు నచ్చింది ఒక్కటంటే ఒక్కటి తెచ్చుకున్నావా ఇందులోకి? పెట్టిన డబ్బా పెట్టినచోటే ఉంది. ఆ పోపులపెట్టె మూత సరిగ్గా పట్టదు, అయినా అదే వాడతావు.”

“అన్నీ బాగానే ఉంటే మార్చడమెందుకమ్మా?”

“చెదపురుగులకున్న తెలివి నీకు లేదే!”

డేవిడ్ రాజుకి నవ్వొచ్చింది. సాయిదుర్గ కూడా నవ్వబోయి ఆపుకుంది.

“సరే, అయితే నువ్వే చెప్పు ఏ రంగో,” అంది.

“నేను చెప్పను. పొద్దస్తమానం ఇక్కడ నిలబడేది నువ్వు. నువ్వే చెప్పాలి.” భ్రమరాంబ సంచి కింద పెట్టి సాయిదుర్గ చెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గింది. “దుర్గా, నీ చేతి ముద్ద తినే పిల్ల నా భుజం దాటి ఎదిగింది. జ్వరమొస్తే దానికి నువ్వే, పరీక్షలొస్తే నువ్వే. నీకు నేనేం చేశాను చెప్పు? ఈ వంటింట్లో నీ ఇష్టమన్నది ఒక్కటి కళ్ళారా చూసి వెళ్తాను. ఆమాత్రం ఇవ్వవే నాకు.”

సాయిదుర్గ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డేవిడ్ రాజు ఇబ్బందిగా టేపు చుట్టుకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

కాసేపటికి వెనకనుంచి చిన్న గొంతు వినిపించింది.

“ఇది... మరీ ఎక్కువగా ఉంటుందేమో కదండీ?”

తిరిగి చూస్తే ఆమె వేలు ఒక పసుపు రంగు మీద ఉంది. పండిన దోసకాయ రంగు.

“ఏం ఎక్కువ కాదమ్మా. ఇల్లంతా వెలుగొస్తుంది,” అన్నాడు డేవిడ్ రాజు.

“మరకలు కనిపిస్తాయేమో.”

“పసుపు మీద పసుపు మరక ఏం కనిపిస్తుందే!” అంది భ్రమరాంబ. “బాబూ, ఇదే. మళ్ళీ మనసు మార్చుకునేలోగా షాపుకి ఫోన్ చేసెయ్యండి.”

అతను అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. తర్వాత మిగిలిపోయిన ఒక్క పాత తలుపూ ఊడదీశాడు. భ్రమరాంబ దాన్ని అందుకుంది. కొంగుతో దుమ్ము తుడిచి, ఆ నీలం మీద ఒకసారి అరచెయ్యి వేసి నిమిరింది. “తీసుకెళ్ళండి,” అంటూ అతని చేతికిచ్చేసింది. సాయిదుర్గ వచ్చి ఆవిడ భుజం మీద తల పెట్టుకుంది.

డేవిడ్ రాజు సామాను సర్దుకుని బయటికొచ్చేసరికి, సాయిదుర్గ భర్త నాగేంద్రబాబు భోజనానికి వచ్చి గేటు దగ్గర బండి స్టాండు వేస్తున్నాడు.

“రంగు తేలిందా అండీ?”

“తేలిందండీ. మీ అత్తగారే తేల్చారు. తల్లులు తమ మాటే నెగ్గాలని పోట్లాడ్డం చూశాను గానీ, కూతురి ఇష్టం కోసం కూతురితోనే పోట్లాడేవాళ్ళని ఇవాళే చూశాను. మీ మిసెస్ అదృష్టవంతురాలండీ.”

“అదృష్టం నాదండీ. నేను వద్దు వద్దంటున్నా వినకుండా మా పెళ్ళి చేసింది ఆవిడే.”

“చెయ్యరా మరి! కన్నతల్లి కదండీ.”

లోపల్నుంచి ఇద్దరి నవ్వులూ వినిపిస్తున్నాయి. నాగేంద్రబాబు అటే చూస్తూ అన్నాడు.

“ఆవిడ కన్నది సాయిదుర్గని కాదండీ. పాపకి మూడేళ్ళప్పుడు చనిపోయిన నా మొదటి భార్యని.”